పద్నాలుగో నంబరు స్పానరు ఉండవలసిన చోటు

కాకినాడలోని మా సౌగంధిక కాలనీలో నలభై రెండు ఇళ్లున్నాయి. నలభై రెండు గ్యారేజీలున్నాయి. కార్లు మాత్రం బయట ఎండలో ఉంటాయి. దానికి కారణం ఒక స్క్రూడ్రైవరు.

మా సంఘం అధ్యక్షులు కోదండపాణి గారు ఓ ఆదివారం తమ గ్యారేజీలో నలభై నిమిషాలపాటు ఆ స్క్రూడ్రైవరు కోసం వెతికారు. అటక మీద చూశారు. కారు కింద చూశారు. వాళ్లావిడని అడిగారు, పనిమనిషిని అనుమానించారు. చివరికి అది ఆయన బనియను లోపల, మెడ వెనక, వీపు గోక్కోవడానికి ఆయనే దోపుకున్న చోట దొరికింది. ఇంకొకరైతే నవ్వుకుని ఊరుకునేవాళ్లు. కోదండపాణి గారు నాణ్యతా నియంత్రణ శాఖలో ముప్పై మూడేళ్లు పనిచేసి రిటైరైన మనిషి. తన వీపు మీద తనకి దొరికిన వస్తువులో ఆయనకి వ్యవస్థ లోపం కనబడింది.

ఆ సాయంత్రమే సర్వసభ్య సమావేశం పెట్టారు.

"మిత్రులారా! ఈనాడు నాకు సంభవించినది రేపు మీలో ఎవరికైనా సంభవించవచ్చును" అన్నారు గంభీరంగా. ముందు వరసలో ఒకరిద్దరు వీపులు తడుముకున్నారు.

అలా పుట్టింది 'గృహ గ్యారేజీ పనిముట్ల నిల్వ, అమరిక మరియు పర్యవేక్షణ ఉపసంఘం'. దానికి కన్వీనరు మా ఆయన భుజంగరావు గారు. ఇంట్లో బల్బు మార్చాలంటే నన్ను కేకేసే మనిషి. మా నాన్నకి సైకిలు షాపు ఉండేది. లివరు సూత్రం కాలేజీలో ఫిజిక్సు మేష్టారు బోర్డు మీద రాయకముందే పానాతో నా చేతికి తెలుసు. కాబట్టి మా ఇంట్లో బిగించేవి, విప్పేవి అన్నీ నావి. ఉపసంఘాలు ఆయనవి.

ఉపసంఘం మూడు వారాలు మా హాల్లోనే కూర్చుంది. టీలు నావి కావడంతో చర్చలు కూడా నా చెవిన పడ్డాయి. పనిముట్లు దేనిలో దాచాలన్నది ప్రశ్న. మొదట సొరుగుల బీరువా పేరు వచ్చింది.

"మూసిన సొరుగులో పనిముట్టు ఉన్నదీ లేనిదీ తెలియాలంటే సొరుగు తెరవవలెను" అన్నారు కోదండపాణి గారు. "తెరచిన మరుక్షణం అది మూసిన సొరుగు కాకుండా పోవును. కావున మూసిన సొరుగును తనిఖీ చేయుట అసంభవం."

బీరువా కొట్టివేశారు. తర్వాత చక్రాల పెట్టె. చక్రాలున్నది కదులుతుంది, కదిలేదానికి చిరునామా ఉండదు, చిరునామా లేనిదాన్ని రిజిస్టరులో ఎక్కించలేం. అదీ పోయింది. ఆ టైములో నేను కప్పులు అందిస్తూ నోరు జారాను.

"నేను అన్నీ పాత బిస్కెట్ల డబ్బాలో పెడతానండీ. పదిహేనేళ్లలో ఒక్క మేకు పోలేదు."

కోదండపాణి గారు నన్ను జాలిగా చూశారు. "అమ్మా, ఆ డబ్బాలో బిస్కెట్లున్నవనుకొని ఎవరైనా ఒక మేకు నోట వేసుకొనిన యెడల బాధ్యత ఎవరిది?"

మినిట్సులో మా ఆయన ఇలా రాశారు: 'ఒక గృహిణి భావోద్వేగపూరితమైన సూచన చేయగా, సానుభూతితో తిరస్కరించడమైనది.' ఆ గృహిణి ఎవరో తనకి తెలియనట్టే రాశారు. చేతిరాత మాత్రం బాగుంది.

ఆఖరికి చిల్లుల బోర్డు గెలిచింది. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల ఎత్తు, పసుపు రంగు. చిల్లుల్లో కొక్కేలు, కొక్కేలకి పనిముట్లు, ప్రతి పనిముట్టు చుట్టూ దాని రూపం నల్ల రంగుతో గీత. ఆ గీతకి సంఘం పెట్టిన పేరు 'ఆకృతి'. సుత్తి తీస్తే సుత్తి ఆకారంలో ఖాళీ కనిపిస్తుంది, ఏది లేదో ఇట్టే తెలిసిపోతుంది.

నిజం చెప్పొద్దూ, ఆలోచన నాకూ నచ్చింది. అక్కడితో ఆగి ఉంటే ఇదంతా రాయడానికి పట్టిన ఈ కాగితాలు మిగిలేవి.

కాకినాడ కాలనీల సమాఖ్య వాళ్లకి ఈ సంగతి తెలిసి 'ఆదర్శ గ్యారేజీ కాలనీ' పోటీ ప్రకటించారు. రెండు శనివారాలకోసారి తనిఖీ. ఖాళీ ఆకృతి ఒక్కటి కనిపించినా ఆ ఇంటికి సున్న. ఒక ఇంటికి సున్న వస్తే కాలనీ మొత్తానికి సున్న. సున్న తెచ్చిన ఇంటి యజమాని పేరు గేటు దగ్గర బోర్డు మీద 'అవ్యవస్థిత గృహం' అన్న శీర్షిక కింద నెల రోజులు ఉంటుంది.

సర్క్యులర్లు మొదలయ్యాయి. ప్రతి ఇంటికీ తప్పనిసరిగా ముప్పై ఏడు పనిముట్లు. మొక్కన్నది లేని ఇళ్లలో గునపాలు వెలిశాయి. చెక్క ముట్టుకోని చేతుల్లోకి చిత్రికలు వచ్చాయి. దుకాణాల మీద పేర్లు రాసే బాషా మూడు వారాలు మా కాలనీలోనే మకాం పెట్టి ఆకృతులు గీశాడు. మొదటి రెండిళ్లలో అలవాటుకొద్దీ సుత్తికి నీడ కూడా వేశాడు గాని, నీడని వేరే పనిముట్టుగా లెక్కపెట్టే ప్రమాదముందని చెరిపించారు.

మా గ్యారేజీలో మా ఆయన ఒక్కొక్కటీ తగిలిస్తూ నన్ను పిలిచారు.

"ఏమోయ్, ఇదేంటి?"

"ఆకురాయండీ. ఇనుము అరగదీయడానికి."

"దీంతో నేనేం అరగదీస్తాను?"

"మీరేం అరగదీయరు. వేలాడదీస్తారు."

కారు లోపలికి వస్తే బంపరు గాలికి బోర్డు ఊగుతోందని కారుని బయట పెట్టారు. కాలనీ అంతా అంతే చేసింది. గ్యారేజీల తలుపులకి తెరలు కట్టారు, పనిముట్ల మీద దుమ్ము పడకుండా.

తొమ్మిదో సర్క్యులరు అద్దెకుండేవాళ్ల గురించి. గ్యారేజీ లేనివారు పనిముట్లు కలిగి ఉండరాదు, ఉన్నచో సమీప గ్యారేజీలో జమ చేయవలెను. మా పక్కింటి మేడ మీద పరిమళ ఉంటుంది. వాళ్లాయన పనిచేసే ఆయిల్ మిల్లు మూతపడి ఆరు నెలలైంది. ఆయన అనకాపల్లిలో ఏదో టెంపరరీ పని చూసుకుని పదిహేను రోజులకోసారి వచ్చి వెళుతున్నాడు. ఈ పిల్ల ఒక గ్రైండరు కొనుక్కుని ఇడ్లీ పిండి అమ్ముతోంది. సర్క్యులరు చదువుకుని, కన్వీనరు గారిల్లని చేతిసంచీతో మా దగ్గరికే వచ్చింది.

"వకుళక్కా, నా దగ్గరున్నది ఈ స్పానరొక్కటే. గ్రైండరు కోసం ఉంచుకున్నా. ఇచ్చెయ్యాలంటగా?"

మా ఆయన ఆ స్పానరుని వెలుగులో తిప్పి చూసి మొహం విప్పార్చారు. పద్నాలుగో నంబరు. మేం కొన్న సెట్టులో సరిగ్గా అదే తక్కువొచ్చింది, నా బిస్కెట్ల డబ్బాలోనూ మొదట్నుంచీ లేదు. ముప్పై ఏడో ఆకృతి నిండింది. పరిమళకి రసీదు రాసి ఇచ్చారు. రసీదులో స్పానరు గురించి 'స్వచ్ఛందంగా' అని ఉంది.

బోర్డులు నిండాక ఒక చిన్న ఇబ్బంది తెలిసింది. పనిముట్టుతో పని చెయ్యాలంటే దాన్ని బోర్డు మీంచి తియ్యాలి. తీస్తే ఖాళీ. ఖాళీ అయితే సున్న. దాంతో కాలనీలో పనిముట్లతో పని చెయ్యడం మానేశారు. మేకు కొట్టాలంటే పచ్చడి బండ. స్క్రూ తిప్పాలంటే అట్లకాడ మొన. ఇరవై మూడో ఇంటాయన తోట పైపుని కత్తిపీట మీద కోశాడు, ఆవిడ మూడు రోజులు కూరలు కొయ్యలేదు. గ్యారేజీలు ఎంత బాగుపడ్డాయో వంటిళ్లు అంత నాశనమయ్యాయి. మా అట్లకాడ అయితే మొన వంకరపోయి, దోసె తిరగేస్తే అది నా వైపు కాకుండా ఆయన కంచం వైపు ఎగిరేది. అది మాత్రం నేను సరిచెయ్యలేదు.

ఆడవాళ్లందరం వెళ్లి అడిగాం. కోదండపాణి గారు విశాల హృదయులు. వారం తిరక్కుండా 'పనిముట్ల సెలవు నియమావళి' ప్రకటించారు. సుత్తికి ఏడాదికి పన్నెండు క్యాజువల్ లీవులు. డ్రిల్లింగ్ మిషను పనికి వెళ్లి అల్లరి చేస్తుంది కాబట్టి దానికి ఆరు. సెలవు దరఖాస్తు మూడు రోజుల ముందు ఇవ్వాలి. పని ఎక్కడ, ఎంతసేపు, ఎవరి సమక్షంలో అన్నవి రాయాలి. తనిఖీ ఉన్న శనివారాల్లో ఏ పనిముట్టుకీ సెలవు లేదు. ముప్పై మూడో ఇంటివాళ్లు చెక్క రంపానికి సెలవడిగితే, ఇనుప రంపం అప్పటికే సెలవులో ఉందనీ, ఒకే ఇంట్లో రెండు రంపాలు ఏకకాలంలో గైర్హాజరు కావడం క్రమశిక్షణా రాహిత్యమనీ తిరస్కరించారు.

ఇదిలా ఉండగా తుది తనిఖీ శనివారం వచ్చింది. సాయంత్రం నాలుగింటికి సమాఖ్య ప్రధాన పరిశీలకులు విరూపాక్షం గారు వస్తున్నారు. అప్పటికి మా కాలనీకి ఒక్క సున్నా రాలేదు.

మధ్యాహ్నం పన్నెండున్నరకి పరిమళ పరుగెత్తుకొచ్చింది.

"అక్కా, ఒక్కసారి రాక్కా. రాయి తిరగట్లేదు. మోటారు ఊరికే అరుస్తోంది."

వెళ్లి చూశాను. గది మధ్యలో మూడు గిన్నెల్లో ఐదు కిలోల మినపగుళ్లు నాని, ఉబ్బి, తెల్లగా ఎదురుచూస్తున్నాయి. ఎవరి కోసమో నాకు తెలుసు. భానుగుడి దగ్గర ఉద్యోగాలు చేసుకునే ఆడపిల్లల హాస్టలు ఉంది. ఎనభై మంది. రేపు ఆదివారం టిఫిను పరిమళ చేసి పంపాలి. మేట్రను గారికి నచ్చితే సోమవారం నుంచి రోజూ ఆ పని పరిమళది. నచ్చకపోతే, లేక అసలు వెళ్లకపోతే, క్యాంటీను నడిపే ఇంకొకాయన ఎదురు చూస్తూ కూర్చున్నాడు. ఈ పని కుదిరితే మొగుణ్ణి అనకాపల్లి నుంచి వచ్చెయ్యమంటానని పరిమళ నాలుగు రోజులుగా నాతో అంటోంది.

గ్రైండరు కింద తల పెట్టి చూశాను. మోటారుని పట్టుకునే రెండు నట్లు వదులై మోటారు ముందుకు జరిగింది. బెల్టు వేలాడుతోంది.

"మోటారు వెనక్కి లాగి రెండు నట్లు బిగిస్తే సరి. పావుగంట పని."

"దేంతో బిగిస్తాం?"

"పద్నాలుగో నంబరుతో."

ఇద్దరం కిటికీలోంచి మా గ్యారేజీ వైపు చూశాం.

"బావగారు ఇస్తారంటావా?" అంది.

ముందు మిగిలిన ఇళ్లు ప్రయత్నిద్దామన్నాను. కాలనీలో పద్నాలుగో నంబరు స్పానర్లు నలభై రెండున్నాయి. పరిమళ కింద ఇంటాయన్ని అడిగింది. ఆయన గర్వంగా తెర తీసి చూపించారు.

"లాగి చూడమ్మా! లాగు, మొహమాటపడకు! జిగురుతో అతికించేశాను. భూకంపమొచ్చినా ఊడదు."

ఇరవై ఒకటో ఇంట్లో ఉన్నది ప్లైవుడ్డుతో చేసి వెండి రంగు వేసినది. ముప్పయ్యో ఇంటావిడ పరిమళని పక్కకి పిలిచి, "మాది పన్నెండే అమ్మా, పద్నాలుగు గీతలో తగిలించాం. అధ్యక్షులుగారితో అనకు" అంది. మెయిన్ రోడ్డు మీద హార్డ్‌వేర్ షాపాయన చేతులు జోడించాడట. "పద్నాలుగో నంబరు సరుకంతా మీ కాలనీయే ఊడ్చుకుపోయింది. మళ్లీ మంగళవారం వస్తుంది." బజారులో వర్తక సంఘం ఎన్నికలని షట్టర్లు దించేశారు. గ్రైండరు బాగుచేసే అతను సామర్లకోటలో పెళ్లిలో ఉన్నాడు.

రెండింటికి పరిమళ తిరిగొచ్చి మా గడప మీద కూర్చుంది. ఏడవలేదు. పైటచెంగుతో మొహం తుడుచుకుని, "నాలుగింటికల్లా రుబ్బడం మొదలెట్టకపోతే పిండి పొంగదక్కా. రాళ్లలాంటి ఇడ్లీలు పట్టుకెళ్లే కన్నా వెళ్లకపోవడమే నయం" అంది.

నేను మా ఆయన దగ్గరికి వెళ్లాను. ఆయన గుడ్డతో ముప్పై ఏడింటినీ వరసగా తుడుస్తున్నారు.

"ఏవండీ, పావుగంట ఆ స్పానరు..."

"అడక్కూడనిది అడుగుతున్నావు వకుళా. తనిఖీ శనివారం."

"అది పరిమళదేనండీ."

"స్పానరు పరిమళదే, కాదన్నదెవరు? ఆకృతి మనది."

కోదండపాణి గారింటికి నేనే వెళ్లాను. ఆయన అన్నీ విన్నారు, కళ్లు మూసుకుని, ఫైలు వింటున్నట్టు.

"మూడు దినముల ముందు దరఖాస్తు చేసుకొనవలసినది కదమ్మా."

"నట్టు వదులవుతుందని మూడు రోజుల ముందు తెలియదండీ. అది చెప్పదు."

"అదియే సమస్య" అన్నారు నిట్టూర్చి. "ముందస్తు సమాచారం ఇవ్వని నట్టుల వలననే వ్యవస్థలు కుప్పకూలుచున్నవి."

ఇంటికొచ్చి సర్క్యులర్ల ఫైలు తీశాను. నాకు కోపం వస్తే చదువుకునే అలవాటు. నాల్గవ నిబంధన: 'ప్రతి పనిముట్టు సర్వకాల సర్వావస్థలయందును తన ఆకృతి లోపల ఉండవలెను. ఎచ్చటను ఖాళీ ఆకృతి కనబడరాదు.' నాలుగుసార్లు చదివాను. పనిముట్టు ఆకృతిలో ఉండాలని ఉంది. ఆకృతి ఎక్కడ ఉండాలో మాత్రం లేదు. ముప్పై మూడేళ్ల నాణ్యతా నియంత్రణ ఆ ఒక్కటీ మర్చిపోయింది.

మా ఆయన స్నానానికి వెళ్లారు. నేను గ్యారేజీలోకి వెళ్లి స్పానరు తీశాను. మూలనున్న డబ్బాలో పసుపు రంగు కొంచెం మిగిలి ఉంది. ఖాళీ గీత మీద రెండు పూతలు వేశాను. కొక్కెం పీకి కొంగున ముడేసుకున్నాను. ఇప్పుడు బోర్డు మీద ముప్పై ఆరు ఆకృతులు, ముప్పై ఆరు పనిముట్లు. ఖాళీ అన్నది లేదు.

పరిమళ మోటారుని వెనక్కి లాగి పట్టుకుంది. నేను కింద పడుకుని రెండు నట్లూ బిగించాను. స్విచ్చి వెయ్యగానే రాయి తిరిగింది. పరిమళ అయితే రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని అలా నిలబడిపోయింది.

"చూస్తావేంటే, పప్పు పొయ్యి" అన్నాను. "అలాగే ముగ్గు డబ్బా తే."

"శనివారం మధ్యాహ్నం ఇంట్లో ముగ్గేంటక్కా?"

"స్పానరుకి."

గ్రైండరు పక్కన గట్టు మీద స్పానరు పెట్టి దాని చుట్టూ ముగ్గుతో గీత లాగాను. పరిమళకి అది వెలితిగా అనిపించి నాలుగు మూలలా నాలుగు చుక్కలు పెట్టింది.

నాలుగింటికి విరూపాక్షం గారు వచ్చారు. చేతిలో అట్ట, అట్టకి ఫారం, మెళ్లో కొలత టేపు. ఒక పక్క కోదండపాణి గారు, ఇంకో పక్క మా ఆయన. మాది మొదటి ఇల్లు. తెర తీశారు. విరూపాక్షం గారు వేలితో లెక్కపెట్టారు. ఇంకోసారి లెక్కపెట్టారు. దగ్గరికెళ్లి ఖాళీ పసుపు మీద చెయ్యి పెట్టారు, అరచెయ్యి పసుపైంది.

"ఖాళీ ఆకృతి లేదు. సంతోషము. కాని రిజిస్టరు ప్రకారం ముప్పై ఏడు. బోర్డు ప్రకారం ముప్పై ఆరు. ఈ వ్యత్యాసమునకు వివరణ?"

మా ఆయన బోర్డు వైపు చూశారు. పద్నాలుగో నంబరు ఉన్న చోట గోడ లాంటి పసుపు. ఆయన మొహం అదే రంగుకి వచ్చింది.

"ముప్పై ఏడోది విస్తరణ కేంద్రంలో ఉందండి" అన్నాను నేను.

"ఏ కేంద్రం?" అన్నారు మా ఆయన.

"అదేనండీ, మీరే అన్నారుగా. ఆకృతి మనది, స్పానరు పరిమళది అని. అందుకని మన ఆకృతి అక్కడ పెట్టాం."

విరూపాక్షం గారి కనుబొమలు లేచాయి. "విస్తరణ కేంద్రం! మిగతా పదకొండు కాలనీలలో ఒక్కటియు ఈ ఆలోచన చేయలేదు. కోదండపాణి గారూ, నాకు చెప్పనేలేదు!"

కోదండపాణి గారు ఒక్క క్షణం మాత్రమే తడబడ్డారు. "ప్రయోగ దశలో ఉన్నందున ప్రచారం ఇవ్వలేదు" అన్నారు.

ముగ్గురూ మేడ మెట్లెక్కారు. వెనకాల నేను. పరిమళ మొదటి వాయి తీసి రెండో వాయి వేసింది. రాయి గరగరా తిరుగుతోంది. విరూపాక్షం గారు గట్టు మీదకి వంగి ముగ్గుని పరీక్షించారు.

"చుక్కలు దేనికి?"

"సరిహద్దు రాళ్లండి" అంది పరిమళ, మొహంలో ఏ మార్పూ లేకుండా. ఈ పిల్ల ఇంత దూరం వెళుతుందని నేననుకోలేదు.

ఆయన ఫారంలో రాశారు: 'స్థలము: గ్రైండరు పక్క గట్టు, కుడి వైపు. ప్రయోజనము: గ్రైండరు నడచుట. పనిముట్టు: ఆకృతి లోపల కలదు.' సంతకం చేశారు. కోదండపాణి గారు సంతకం చేశారు. మా ఆయన కన్వీనరుగా సంతకం చేశారు, నా వైపు చూడకుండా.

సరిగ్గా అప్పుడు గ్రైండరు అదురుకి స్పానరు అంగుళం జరిగి ముగ్గు గీత దాటింది.

ముగ్గురూ చూశారు.

"యంత్రమును ఆపండి" అన్నారు విరూపాక్షం గారు.

"ఆపనండి" అంది పరిమళ.

"అమ్మా, పనిముట్టు ఆకృతి దాటుచున్నది!"

"నా పిండి టైము దాటుతోందండి. ఎనభై మంది ఆడపిల్లలు పొద్దున్నే తింటారు. మీకు సున్న వేసుకోవాలనుంటే వేసుకోండి. స్విచ్చి మీద చెయ్యి వేస్తే మాత్రం నేనూరుకోను."

పరిమళ అలా మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు. మనిషి వెళ్లి గ్రైండరుకి అడ్డంగా నిలబడింది.

కోదండపాణి గారు ముందుకొచ్చారు. "గట్టు మీద కాక స్పానరును వేరొక చోట ఉంచిన యెడల..."

"సంతకమైనది" అన్నారు విరూపాక్షం గారు విచారంగా. "స్థలము మార్చుట అనగా కొట్టివేత. కొట్టివేత ఉన్న ఫారం చెల్లదు."

"మరి గ్రైండరు ఆపితే?" అన్నాను నేను. "ప్రయోజనం అన్న చోట గ్రైండరు నడచుట అని రాశారు కదండీ. నడవకపోతే కేంద్రానికి ప్రయోజనం పోతుంది. ప్రయోజనం లేని కేంద్రం రద్దవుతుందేమో. అప్పుడు ముప్పై ఏడోది ఎక్కడున్నట్టు?"

రాయి గరగరమంటోంది. గ్రైండరు నడవాలి. స్పానరు కదలకూడదు. ముగ్గురు పెద్దమనుషులు ఆ రెండింటి మధ్య నలిగిపోవడం నేను కళ్లారా చూశాను.

ఆఖరికి విరూపాక్షం గారు తీర్పు చెప్పారు. "బాధ్యత గల అధికారి ఒకరు పనిముట్టును ఆకృతి లోపల భౌతికముగా అదిమి ఉంచవలెను. యంత్రము ఆగువరకు."

పరిమళ మూడు పీటలు వేసింది.

మొదట మా ఆయన కూర్చున్నారు, స్పానరు మీద రెండు చేతులూ పెట్టి. పది నిమిషాలకి చేతులు అదిరి అదిరి తిమ్మిరెక్కాయి. కోదండపాణి గారు మార్చుకున్నారు. తర్వాత విరూపాక్షం గారు. మిగతా నలభై ఒక్క గ్యారేజీలూ తెరలు తీసుకుని ఎదురుచూస్తున్నాయని ఎవరో కబురు చేశారు. విరూపాక్షం గారు స్పానరు మీంచి చెయ్యి తియ్యకుండానే "అన్నింటికీ ఉత్తీర్ణత" అని చెప్పి పంపారు.

"అయ్యగారూ" అంది పరిమళ కాసేపటికి, "ఒక చెయ్యి ఖాళీగా ఉంది కదండీ. ఆ చెంబులో నీళ్లు కొంచెం కొంచెం పిండి మీద చిలకరిస్తారా? నేను అవతల ఇడ్లీ రవ్వ కడుక్కుంటా."

విరూపాక్షం గారు కోదండపాణి గారి వంక చూశారు. నిబంధనల్లో అభ్యంతరం ఏదీ దొరకలేదు. చిలకరించారు.

మూడో వాయికి కోదండపాణి గారు రాయి చుట్టూ అంటుకున్న పిండిని చేత్తో లోపలికి తోస్తున్నారు. మా ఆయన చొక్కా చేతులు మడుచుకుని మినప్పప్పు ఎంత నలిగిందో రెండు వేళ్లతో నలిపి చూస్తున్నారు. ఆ మనిషి మా వంటింట్లోకి వచ్చింది పదిహేనేళ్లలో నాలుగుసార్లు, నాలుగుసార్లూ మంచినీళ్ల కోసం. ఆరింటికి రాయి ఆగింది. ఐదు కిలోల పప్పూ పిండై గిన్నెల్లో వెన్నలా నిలబడింది.

ఆదివారం పొద్దున్న ఏడింటికి పరిమళ మూడు పెద్ద క్యారేజీలు ఆటోలో పెట్టుకుని వెళ్లింది. పదింటికి ఖాళీ క్యారేజీలతో వచ్చింది. మేట్రను గారు రెండు తిని ఏమీ అనలేదట. మరో రెండు పెట్టించుకున్నారట. అవి తిన్నాక, "రేపట్నుంచి ఏడింటికి కాదు, ఆరున్నరకే కావాలి" అన్నారట. పరిమళ మా వంటింట్లో నిలబడే అనకాపల్లికి ఫోను చేసింది. అవతల ఆయన ఏమన్నాడో నాకు వినబడలేదు. ఈ పిల్ల మాత్రం "వచ్చెయ్యండి, ఇంక వచ్చెయ్యండి" అని నాలుగుసార్లు అంది.

కాలనీకి ప్రథమ స్థానం వచ్చింది. 'ఆదర్శ గ్యారేజీ కాలనీ' అని గేటు మీద రాశారు. సమాఖ్య నుంచి కొత్త సర్క్యులరు కూడా వచ్చింది. విస్తరణ కేంద్రం వల్లనే ఈ గౌరవం దక్కినందున, ఆ కేంద్రంలో యంత్రము నడుచు వేళలలో పనిముట్టును ఆకృతి యందు నిలుపుటకు ఇద్దరు బాధ్యత గల సభ్యులు ప్రతి దినము మధ్యాహ్నం మూడున్నర గంటలకు విధిగా హాజరు కావలెను. నలభై రెండు ఇళ్ల మగవాళ్లకీ వంతులు వేసి చార్టు గీసి మెట్ల దగ్గర అంటించారు. మా ఆయన తన వంతు కాని రోజున కూడా ఏదో పర్యవేక్షణ అని వెళ్లి వస్తున్నారు.

వాళ్లాయన వచ్చిన వారం తర్వాత పరిమళ పిండి గిన్నె ఇవ్వడానికొచ్చింది. ఇంకా ఆ ఇద్దరు సభ్యుల అవసరం ఉందా అని అడిగాను.

"అయ్యో, ఉండనీ అక్కా" అంది. "బావగారి చేతికి పిండి బాగా కుదురుతోంది. ఆ కోదండపాణి గారే, ఎన్నిసార్లు చెప్పినా నీళ్లు ఎక్కువ పోసేస్తున్నారు."